బొమ్మ ఎవరిదో చెప్పే చోటు: నెక్సస్ మాడ్స్ పర్మిషన్ల భాగంపై నా రివ్యూ

వీడియో ఆటలకు ఆడేవాళ్లు సొంతంగా చేసే మార్పులను, అంటే మాడ్లను, పంచుకునే సైటు నెక్సస్ మాడ్స్. దాని మీద రివ్యూలకు కొదవ లేదు. డౌన్‌లోడ్ స్పీడు ఎంత, ప్రీమియం ఖాతా అవసరమా, మాడ్ మేనేజర్ ఎలా ఉంది, ఇవే ఎక్కువగా కనిపిస్తాయి. నేను చెప్పాలనుకున్నది వేరు. ప్రతి మాడ్ పేజీలో 'పర్మిషన్స్ అండ్ క్రెడిట్స్' అని ఒక చిన్న భాగం మూసి ఉంటుంది. నొక్కితేనే తెరుచుకుంటుంది. మాడ్ దించుకుని ఆడుకునేవాళ్లకు దానితో పనే పడదు. బొమ్మలు గీసి పెట్టే నాకు మాత్రం ఆ సైటు మొత్తంలో అదే ముఖ్యమైన చోటు. ఆరేళ్లుగా దాన్ని నింపుతున్నాను, ఇతరుల పేజీల్లో చదువుతున్నాను. దాని మంచిచెడ్డలు ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

నేను స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆటకు ఫర్నిచర్ గీస్తాను. మంచాలు, అల్మారాలు, దీపాలు, కిటికీలు. ఆ ఆటలో నేల గడి 16×16 పిక్సెళ్లు. మాట్లాడేటప్పుడు కనిపించే మనిషి ముఖం 64×64. ఇంత చిన్న బొమ్మకు పేరెందుకు, హక్కెందుకు అని అడిగినవాళ్లున్నారు. ఒక బల్లదీపం వెలిగినట్టు కనపడటానికి నాలుగు పసుపు ఛాయలు ఎంచుకోవడానికే నాకు ఒక సాయంత్రం మొత్తం పట్టింది. అంత చిన్న చోట ఒక్క పిక్సెల్ పక్కకు జరిగినా తేడా తెలిసిపోతుంది. అందుకే నా దీపం ఎక్కడ కనపడినా, ఎన్ని రంగులు మార్చినా, సొంత చేతిరాతను పట్టుకున్నట్టు పట్టుకోగలను.

ఇక విషయానికి వస్తాను. మాడ్ పెట్టేటప్పుడు నెక్సస్ వరసగా కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. ఈ ఫైల్లో ఉన్నవన్నీ మీవేనా, వేరేవాళ్లవి కూడా ఉన్నాయా? దీన్ని ఇంకొకరు మరో సైటులో పెట్టొచ్చా? మార్పులు చేసి మళ్లీ విడుదల చేయొచ్చా? వేరే ఆటలో పనిచేసేలా మార్చుకోవచ్చా? ఇందులోని బొమ్మలు, మోడళ్లు, శబ్దాలు మరొకరు తమ మాడ్‌లో వాడుకోవచ్చా? వాడుకోవాలంటే ముందు మిమ్మల్ని అడగాలా, పేరు వేస్తే సరిపోతుందా? డబ్బుకు అమ్మే మాడ్‌లో అయితే ఏమంటారు? సైటు ఇచ్చే డొనేషన్ పాయింట్లు సంపాదించే మాడ్‌లో అయితే? చివర్లో రెండు ఖాళీ పెట్టెలు. ఒకటి మీరు అదనంగా ఏమైనా చెప్పాలనుకుంటే. రెండోది క్రెడిట్లకు.

ఈ ప్రశ్నల్లో నాకు బాగా నచ్చేది వాటిని విడివిడిగా అడగడం. 'వాడుకోవచ్చు', 'వాడుకోకూడదు' అనే రెండు జవాబులతో తేలే వ్యవహారం కాదిది. నా సంగతే తీసుకోండి. నా అల్మారాకు ఎవరైనా రంగు మార్చి పెడతామంటే నాకు సంతోషం. నన్ను అడగక్కర్లేదు, పేరు వేస్తే చాలు. కానీ నా జిప్ ఫైలును ఉన్నదున్నట్టు తీసుకెళ్లి మరో సైటులో పెడితే ఒప్పుకోను. దానికి కారణం గర్వం కాదు. ఆటకు కొత్త వెర్షన్ వచ్చి నా మంచం తలకిందులుగా కనపడితే, నేను నా పేజీలో సరిచేస్తాను. అవతలి సైటులో పాత ఫైలే ఉంటుంది, తిట్లు మాత్రం నాకొస్తాయి. ఈ రెండు కోరికలనూ విడిగా చెప్పుకునే వీలు నెక్సస్ ఇచ్చింది. నేను బొమ్మలు పంచుకోవడం మొదలుపెట్టిన కొత్తలో వాడిన ఒక చిన్న సైటులో ఈ ప్రశ్నలేవీ లేవు. 'అప్‌లోడ్' అని ఒకే బటన్ ఉండేది. అక్కడ పెట్టిన నా మొదటి కుర్చీల సెట్ ఇప్పుడు ఎవరి పేర్లతో తిరుగుతోందో వెతకడం మానేశాను.

డబ్బు గురించిన ప్రశ్న అక్కడ ఎందుకుందో కొత్తవాళ్లకు అర్థం కాకపోవచ్చు. ఆడేవాళ్లు సరదాగా చేసుకునే మాడ్లకు వెల ఏంటి అనిపిస్తుంది. 2015 ఏప్రిల్‌లో, ఆటలు అమ్మే స్టీమ్ సైటులో స్కైరిమ్ ఆటకు మాడ్లను డబ్బుకు అమ్ముకునే ఏర్పాటు చేశారు. అమ్మకంలో మాడ్ చేసినవాళ్లకు దక్కేది 25 శాతం. కొద్ది రోజుల్లోనే దాన్ని ఎత్తేశారు. ఆ గొడవలో అందరూ ఆ శాతం గురించే మాట్లాడుకున్నారు. నాకు గుర్తుండిపోయింది మరొకటి. మొదటి విడతలో అమ్మకానికి వచ్చిన ఒక చేపలు పట్టే మాడ్‌ను వెంటనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందులో మరో మాడర్ తయారుచేసిన యానిమేషన్ ఉండటమే కారణం. ఉచితంగా పంచుకున్నంత కాలం ఎవరూ పట్టించుకోని అల్లిక, డబ్బు రాగానే తెగింది. మనం చేసే మాడ్లలో పక్కవాళ్ల పని ఎంతగా కలిసిపోయి ఉంటుందో అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది. కాబట్టి ఆ ప్రశ్న దగ్గర ఏదో ఒకటి నొక్కేసి ముందుకు పోకండి. ఆగి, ఆలోచించి ఎంచుకోండి.

ఇంతవరకు మెచ్చుకున్నాను. నాకు నచ్చనిది ఆఖరి పెట్టె, అంటే క్రెడిట్ల పెట్టె. పర్మిషన్లకు అంత శ్రద్ధగా ప్రశ్నలు తయారుచేసినవాళ్లు, క్రెడిట్ల దగ్గరికి వచ్చేసరికి ఒక తెల్లకాగితం ఇచ్చి ఊరుకున్నారు. ఏం రాసినా ఒప్పుకుంటుంది. ఏమీ రాయకపోయినా ఒప్పుకుంటుంది. ఖాళీగా వదిలేస్తే ఆ చోట 'ఈ రచయిత ఈ ఫైల్లో మరెవరికీ క్రెడిట్ ఇవ్వలేదు' అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి దానంతటదే కనిపిస్తుంది. ఆ వాక్యం చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అంతా సొంతంగా చేసినవాళ్ల పేజీలో కూడా అదే వాక్యం, పది చోట్ల నుంచి ఏరుకొచ్చినవాళ్ల పేజీలో కూడా అదే. చదివేవాళ్లకు ఆ రెండిటికీ తేడా ఎలా తెలుస్తుంది?

పెట్టె నిండి ఉన్నా గొడవ తీరదు. రెండేళ్ల కిందట ఒక ఇంటి అలంకరణ మాడ్‌లో నా దీపాలు కనిపించాయి. ఏడు దీపాలు, రంగు మార్చి, కింద పీట తీసేసి పెట్టారు. క్రెడిట్ల పెట్టె తెరిచి చూశాను. 'సాయం చేసిన అందరికీ థాంక్స్' అని ఉంది. నన్ను అడక్కుండా వాడుకోవడానికి నేను ఒప్పుకున్నదాన్నే, అందులో తప్పులేదు. నా షరతు ఒక్కటే, పేరు. ఆ మాడర్‌కు మర్యాదగానే మెసేజ్ పెట్టాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. దీపాలు ఎవరివో తనకు నిజంగా గుర్తులేదట. ఏడాది పాటు రకరకాల చోట్ల నుంచి దించుకున్న బొమ్మలన్నీ ఒకే ఫోల్డర్‌లో వేసుకుందట. క్షమించమని అడిగి, వెంటనే పేరు చేర్చింది. నాకు కోపం పోయింది, కానీ ఆలోచన పట్టుకుంది. ఆమె దొంగ కాదు. మరిచిపోయింది, అంతే. నేను చూసిన క్రెడిట్ తగాదాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. దించుకున్న రోజున రాసుకోని పేరు, విడుదల రోజున ఎంత గింజుకున్నా గుర్తుకు రాదు.

అలాంటప్పుడు గుర్తుపెట్టుకునే పని సైటు చేయలేదా? చేయగలదు. దానికి రుజువు నెక్సస్‌లోనే ఉంది. ఒక మాడ్ పనిచేయడానికి మరో మాడ్ అవసరమైతే 'రిక్వైర్‌మెంట్స్' దగ్గర దాన్ని లింకుతో చేరుస్తాం. అది రెండు వైపులా పనిచేస్తుంది. నా పేజీలో నాకు కావలసిన మాడ్ కనిపిస్తుంది, ఆ మాడ్ పేజీలో దానిమీద ఆధారపడిన మాడ్ల జాబితాలో నాదీ కనిపిస్తుంది. క్రెడిట్లకు కూడా అచ్చంగా ఇదే కావాలి. ఆమె తన క్రెడిట్లలో నా మాడ్‌ను ఎంచుకుని ఉంటే, నా దీపాల పేజీలో 'ఈ బొమ్మలు వాడిన మాడ్లు' అని జాబితా కనపడేది. నేను వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదు. ఇంకా చెప్పాలంటే, నా దీపాలు ఎవరి ఇళ్లలో వెలుగుతున్నాయో చూసుకుని సంబరపడేదాన్ని. క్రెడిట్ అంటే తగాదాల నుంచి కాపాడే కాగితమే కాదు. గీసినవాళ్లకు అందే ఉత్తరం కూడా.

బయట ఈ పని బాగా చేస్తున్న చోట్లు ఉన్నాయి. శబ్దాల కోసం నేను వెళ్లే ఫ్రీసౌండ్‌లో మనం దించుకున్న ప్రతి శబ్దాన్నీ సైటే గుర్తుపెట్టుకుంటుంది. క్రెడిట్లు రాసుకునే వేళకు మన ఖాతాలోకి వెళ్తే శబ్దం పేరు, చేసినవాళ్ల పేరు, లైసెన్స్ అన్నీ సిద్ధంగా ఉంటాయి. అక్కడ నుంచి తలుపు కిర్రుమన్న చప్పుడు ఒకటి తీసుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత మాడ్ విడుదల చేసినప్పుడు దాని మూలం పట్టుకోవడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. ఆటల బొమ్మలు పంచుకోవడానికి 2009 నుంచి ఉన్న ఓపెన్‌గేమ్‌ఆర్ట్‌లో మరో మంచి పద్ధతి ఉంది. బొమ్మ పెట్టిన ఆర్టిస్టు తనకు క్రెడిట్ ఎలా ఇవ్వాలో తన మాటల్లోనే రాసే గడి ఒకటి ఇచ్చారు. ఏ పేరు వేయాలి, ఏ లింకు పెట్టాలి అని మనం తలపట్టుకోనక్కర్లేదు. అక్కడ ఉన్నది దించి, అతికించుకోవడమే.

2012లో ఓపెన్‌గేమ్‌ఆర్ట్, క్రియేటివ్ కామన్స్, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, మొజిల్లా కలిసి లిబరేటెడ్ పిక్సెల్ కప్ అనే పోటీ పెట్టాయి. అందరూ ఒకే శైలి, ఒకే కొలతలు పాటిస్తూ గీయాలని ముందే నియమాలు రాసిచ్చారు. దానివల్ల ఒకరు గీసిన జుట్టు, మరొకరు గీసిన చొక్కా, ఇంకొకరు గీసిన మనిషి మీద సరిగ్గా కూర్చుంటాయి. తర్వాత తర్వాత ఎందరో వాటికి కొత్తవి కలుపుతూ వచ్చారు. ఇప్పుడు వాటితో మనుషుల బొమ్మలు తయారుచేసుకునే ఒక జనరేటర్ ఉంది. మనం జుట్టు, బట్టలు, చెప్పులు ఎంచుకుంటే బొమ్మతో పాటు, అందులోని ఏ పొర ఎవరు గీశారో రాసి ఉన్న క్రెడిట్ల జాబితా కూడా ఇస్తుంది. ఒక్క బొమ్మ వెనక అన్ని పేర్లు వరసగా చూసిన రోజున నాకు నోట మాట రాలేదు. అన్ని పేర్లు కలిసి ఉండగలిగాయంటే దానికి ఎవరో ఒక్కో పేరును కూర్చుని రాసిపెట్టారన్నమాట.

లైసెన్సుల విషయంలో నేను చేసిన తప్పు కూడా ఇక్కడ చెప్పాలి. నా కిటికీల సెట్‌లో ఒక జాలీ డిజైన్ సొంతంగా గీయలేదు. ఓపెన్‌గేమ్‌ఆర్ట్‌లో క్రియేటివ్ కామన్స్ వారి సీసీ బై-ఎస్ఏ లైసెన్సుతో ఉన్న బొమ్మను తీసుకుని మార్చుకున్నాను. పేరు వేశాను, లింకు ఇచ్చాను, అంతా సవ్యంగా చేశాననుకున్నాను. కానీ నెక్సస్ ఫారంలో ఆ సెట్ మొత్తానికి 'వాడే ముందు నన్ను అడగాలి' అని ఎంచుకున్నాను. అది తప్పు. బై-ఎస్ఏ అంటే నేను మార్చిన బొమ్మను కూడా అదే లైసెన్సుతో వదలాలి. నాకు దక్కిన స్వేచ్ఛ నా తర్వాత వచ్చేవాళ్లకూ దక్కాలి. నన్ను అడిగి తీరాలని మధ్యలో గేటు పెట్టే హక్కు నాకు లేదు. ఒక పాత మాడర్ చెప్పేదాకా ఇది నాకు తట్టలేదు. ఆ రోజే సెట్టింగ్ మార్చి, ఆ కిటికీలను వేరే ఫైలుగా విడదీశాను. నేను నింపిన ఫారంలో లైసెన్స్ పేరు ఎంచుకునే గడి ఉండి ఉంటే అప్పుడే ఆగి ఆలోచించేదాన్ని. మైన్‌క్రాఫ్ట్ మాడ్లకు వాడే మాడ్రింత్‌లో అలాంటి గడి ఉంది. సర్వహక్కులు నావే అనడం దగ్గర నుంచి పూర్తిగా వదిలేసే సీసీ జీరో దాకా, తెలిసిన లైసెన్సుల్లో ఒకటి ఎంచుకోవచ్చు. నెక్సస్‌లోని మాటలు మామూలు మనుషులకు సులువుగా అర్థమవుతాయి, ఒప్పుకుంటాను. కానీ బయట నుంచి లైసెన్సుతో వచ్చిన బొమ్మను ఆ మాటల్లో ఇమడ్చడం కష్టం.

ఇంకో చిక్కు ఉంది, అది ఏ సైటూ తీర్చేది కాదు. స్టార్‌డ్యూలో చాలా మాడ్ బొమ్మలు ఆటలో ఉన్న అసలు బొమ్మల మీద మార్పులే. ఆట చేసినాయన గీసిన బల్ల, దానిమీద నేను మార్చిన కాళ్లు, ఆపైన మరొకరు వేసిన రంగు. ఆ బల్ల ఎవరిది? నా వరకు నేను పాటించేది ఇది: కింద పొర నుంచి పైకి, అందరి పేర్లూ అదే వరసలో రాస్తాను. ఆట అసలు బొమ్మ అయితే అలాగే చెబుతాను. ఈ ఆట మాడర్లలో కాపీ చేయకుండా పని జరుపుకునే అలవాటు కూడా బాగా ఉంది. కంటెంట్ ప్యాచర్ అనే మాడ్, ఆట అసలు ఫైళ్లను ముట్టుకోకుండా, ఆట నడిచేటప్పుడే బొమ్మ మీద బొమ్మ వేస్తుంది. కాబట్టి ఒకరి మాడ్‌కు తగ్గట్టు నా కిటికీ రంగు మార్చాలంటే వాళ్ల ఫైలును నా జిప్‌లో పెట్టక్కర్లేదు. నా ముక్క మాత్రమే పెట్టి, వాళ్ల మాడ్‌ను రిక్వైర్‌మెంట్‌గా చూపిస్తే చాలు. జనం వాళ్ల పేజీకి వెళ్లి, వాళ్ల దగ్గరే దించుకుంటారు. ఇంతకన్నా గౌరవంగా పంచుకునే దారి నాకు తెలియదు.

నెక్సస్ కలెక్షన్లు కూడా ఈ పద్ధతిలోనే నడుస్తాయి. ఎవరైనా వంద మాడ్లను ఒక జాబితాగా కూర్చి పెడితే, ఆ ఫైళ్లన్నీ ఎవరి పేజీ నుంచి వాళ్లవే దిగుతాయి. అన్నిటినీ ఒకే మూటలో కట్టి పంచడం కాదు. ఇది మంచి ఏర్పాటు. దానికోసం 2021 జూలైలో తెచ్చిన మార్పు మాత్రం చాలామందిని బాధపెట్టింది. అప్పటి నుంచి మనం పెట్టిన ఫైలును పూర్తిగా తొలగించుకునే వీలు పోయింది. తొలగించినా ఆర్కైవ్‌లో ఉంటుంది, కలెక్షన్ల ద్వారా అందుతూనే ఉంటుంది. ఒప్పుకోనివాళ్లు తమ ఫైళ్లు తీసేయించుకోవడానికి ఆగస్టు మొదటి వారం దాకా గడువిచ్చారు. కొందరు ఏళ్ల తరబడి చేసినదంతా మూట కట్టుకుని వెళ్లిపోయారు. ఒక్క ఫైలు మాయమైతే జాబితా మొత్తం విరిగిపోతుందన్నది సైటు మాట, అందులో నిజం ఉంది. నేను గీసిన దాన్ని వెనక్కి తీసుకోలేకపోవడం ఏమిటన్నది వెళ్లినవాళ్ల మాట, అందులోనూ నిజం ఉంది. నేను ఉండిపోయాను. వెళ్లినవాళ్లను తప్పుపట్టను. మీరు కొత్తగా చేరుతుంటే మాత్రం ఇది తెలుసుకుని చేరండి. అక్కడ పెట్టిన బొమ్మ తిరిగి పూర్తిగా మీ చేతికి రాదు.

ఇప్పుడు నేను పనిచేసే పద్ధతి చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. బయట నుంచి ఏ బొమ్మ దించుకున్నా, అదే నిమిషంలో, అదే ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్ పెడతాను. బొమ్మ పేరు, గీసినవాళ్ల పేరు, దొరికిన లింకు, లైసెన్స్ లేదా షరతు. దించుకున్న రోజున ఆ పేజీకి స్క్రీన్‌షాట్ కూడా తీస్తాను, తర్వాత షరతులు మారినా నేను తీసుకున్నప్పుడు ఏముందో తెలియాలి కదా. విడుదల చేసేటప్పుడు ఆ ఫైళ్లన్నీ కలిపి రీడ్‌మీ అనే వివరాల ఫైలు తయారుచేసి జిప్‌లో పెడతాను. అదే నెక్సస్ క్రెడిట్ల పెట్టెలోనూ అతికిస్తాను, ఏ దీపం ఎవరిదో, ఏ కర్టెన్ ఎవరిదో విడివిడిగా. పేజీ ఒకచోట, ఫైలు ఒకచోట తిరుగుతాయి కాబట్టి రెండు చోట్లా ఉండాలి.

మార్కులు వేయమంటే, పర్మిషన్ల భాగానికి ఐదుకు నాలుగున్నర వేస్తాను. క్రెడిట్ల భాగానికి రెండే. రెండూ ఒకే చోట ఉన్నా ఒకే పని కింద లెక్కవేయలేను.

రెండు అని ఎందుకు వేశానో చెప్పడానికి ఇంకో సంగతి ఉంది. ఒక ఆర్టిస్టు గీసిన నీలం కర్టెన్లు నాకు ఎంతో ఇష్టం. పేజీలో 'అడిగి తీరాలి' అని ఉంది. మెసేజ్ పెట్టాను. ఆ పేజీలో చాలా ఏళ్లుగా కదలిక లేదు. జవాబు రాకపోతే అది ఒప్పుకోలు కాదు, అందుకని కర్టెన్లు లేకుండానే ఆ సెట్ విడుదల చేశాను. పద్నాలుగు నెలల తర్వాత జవాబొచ్చింది. ఉద్యోగంలో పడి గీయడం మానేశారట, నా సెట్ చూసి సంతోషించారట, కర్టెన్లు నిరభ్యంతరంగా వాడుకోమన్నారు. నేను వాటిని మూడు మాడ్లలో వాడాను, పేరు వేశాను. పోయిన నెల వాళ్ల దగ్గర నుంచి మరో మెసేజ్ వచ్చింది. వాళ్లు పేరు మార్చుకున్నారు. పాత పేరుతో పిలవడం ఇప్పుడు ఇష్టం లేదు, వీలైతే క్రెడిట్లలో కొత్త పేరు వేయమని అడిగారు. వాళ్ల ఖాతాలో పేరు ఎప్పుడో మారింది. నా పెట్టెలో ఉన్నది లింకు కాదు, నేను టైప్ చేసిన అక్షరాలు. కాబట్టి అక్కడ మారలేదు. ఆ సాయంత్రం కూర్చుని మూడు పేజీల్లోనూ మార్చాను, మూడు జిప్‌లలో రీడ్‌మీలు మార్చి కొత్త వెర్షన్లు పెట్టాను. వాళ్ల కర్టెన్లు వాడినవాళ్లు ఇంకా ఎందరున్నారో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. నాకు తెలిసిన నలుగురికి మెసేజ్ పెట్టాను. ముగ్గురు మార్చారు. నాలుగో పేజీని వారానికోసారి తెరిచి చూస్తున్నాను.